మోకాలి బెల్టుతో బస్సు డ్యూటీ: నా అనుభవం

నేను హనుమకొండ నుంచి ఏటూరునాగారం వైపు వెళ్లే పల్లె వెలుగు బస్సులో కండక్టర్‌ని. కుడి మోకాలికి పెట్టుకునే బెల్టు చుడీదార్ లోపలి నుంచి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది కాబట్టి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు: "అమ్మా, అది పెట్టుకుంటే నొప్పి తగ్గుతుందా? ఎంతకు దొరుకుతుంది? మా అత్తమ్మకు కూడా ఒకటి తేవాలి." టికెట్లు కొట్టే హడావిడిలో సగం జవాబు చెప్పి ముందుకు వెళ్లిపోతుంటాను. ఆ సగం జవాబు పట్టుకుని వాళ్లు మందుల దుకాణానికి వెళ్లి చేతికందిన బెల్టు కొనుక్కుంటారేమోనని నా దిగులు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నాకిప్పుడు యాభై మూడేళ్లు. కండక్టర్ పనిలో నిలబడటం కంటే మెలి తిరగడమే మోకాలికి కష్టం. నడుము సీటు రాడ్డుకు ఆనించి, పాదాలు ఒకవైపు పెట్టి, ఒంటిని ఇంకోవైపు తిప్పి టికెట్ ఇస్తాం. సరిగ్గా అప్పుడే డ్రైవర్ బ్రేకు వేస్తాడు. ఒంటి బరువంతా ఒక మోకాలి మీద పడుతుంది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులు నిండాయి. పుట్టింటికో, ఆసుపత్రికో, కూలికో పోవడానికి ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బస్సెక్కే ఆడవాళ్లను చూస్తే నాకు సంతోషమే. కానీ జీరో టికెట్ కూడా టికెట్టే, ప్రతి మనిషి దగ్గరకూ వెళ్లి కొట్టవలసిందే. ఆ మనుషుల మధ్యలోంచి దూరి వెళ్లేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకోవడానికి చోటుండదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర స్పెషల్ బస్సుల డ్యూటీ ముగిసేసరికి బస్సు దిగే చివరి మెట్టు నాకు శత్రువైపోయింది.

ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు నొప్పి ఎక్కువ. కాసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు కుంటుకుంటూ వేయాలి, ఆ తరువాత కొంచెం సర్దుకుంటుంది. పొద్దున లేవగానే బిగుసుకుపోయినట్టు ఉండేది, పొయ్యి మీద టీ మరిగేలోపు ఆ బిగువు వదిలేది. మోకాలు ముడిచినప్పుడు లోపల కరకరమని చప్పుడు. సలహాలకు మాత్రం కొదవ లేదు. నువ్వుల నూనె, కర్పూరం, ఎవరో ములుగు అడవి నుంచి తెచ్చిన పసరు, ఎముకల మధ్య గుజ్జు పెరుగుతుందని ఫోనులో ప్రకటనలు వచ్చే పొడులు. నూనెతో మర్దన చేస్తే హాయిగానే ఉంటుంది, కాదనను. అరిగిన గుజ్జును మళ్లీ పెంచే పొడి మాత్రం లేదని డాక్టర్ గారు తరువాత తేల్చి చెప్పారు. అప్పటికే మా ఇంట్లో రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి. కొన్నది మా ఆయన.

హనుమకొండలో ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన మొదట అడిగింది, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండమ్మా" అని. మోకాలి చిప్ప మీద కాదు, వెనక కాదు, లోపలి పక్కన, రెండు మోకాళ్లు ఒకదానికొకటి తగిలే వైపు చూపించాను. బెల్టు సంగతంతా ఆ వేలితోనే తేలుతుందని నాకప్పుడు తెలియదు. తరువాత నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందట, కాలి మీద బరువు మోపితేనే అసలు సందు ఎంతో తెలుస్తుందట. నా ఎక్స్‌రేలో బయటి వైపు సందు బాగానే ఉంది. లోపలి వైపు సన్నబడిపోయింది, అంచుల్లో చిన్న చిన్న ఎముక మొలకలు వచ్చాయి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఈ అరుగుదలకు సున్నా నుంచి నాలుగు దాకా మెట్లు పెట్టారు. నాది మూడు. నాలుగులో మూడు అనగానే గుండె జారింది. "ఎక్స్‌రేలో ఉన్నంత నొప్పి అందరికీ ఉండదు, నొప్పి ఉన్నంత ఎక్స్‌రేలో కనిపించదు. నేను ఫిల్ముకు కాదు కదా, మీకు వైద్యం చేసేది" అని ఆయన నవ్వారు.

వేళ్ల కణుపులు వాచి, పొద్దున అరగంట, గంట దాటినా చేతులు ముడుచుకోని కీళ్లవాతం వేరే జబ్బు. దానికి రక్త పరీక్షలు, మందులు కూడా వేరు. అది కాదని నిర్ధారించుకున్నాకే ఆయన నాది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలు అరుగుదల అన్నారు. నాకు బీపీ ఉంది కాబట్టి నొప్పి బిళ్లలు ఇష్టం వచ్చినట్టు మింగవద్దని గట్టిగా చెప్పారు. ఆ బిళ్లలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాల మీద కూడా భారం వేస్తాయి. పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చారు. బరువు తగ్గమన్నారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఈ లెక్క విన్నాక డిపో క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ నోటికి పూర్వంలా రుచించలేదు. మానేశానని మాత్రం అనను. ఫిజియోథెరపిస్టు (ఫిజియో) దగ్గర వ్యాయామాలు నేర్చుకోమన్నారు. బెల్టు మాట ఆయన ఎత్తనే లేదు, నేనే అడిగాను. "ముందు ఫిజియోను కలవండి, ఏ బెల్టో ఆవిడ కొలిచి చెబుతారు" అన్నారు.

ఆవిడ దగ్గరకు వెళ్లేలోపే మా ఆయన ఒక దుకాణం నుంచి సాగే గుడ్డతో చేసిన నీ క్యాప్ (మోకాలి తొడుగు) తెచ్చారు. మనిషి ఎలా ఉంటుందని అడిగి, దుకాణదారు 'ఎల్' సైజు ఇచ్చాడట. వేసుకున్న గంటకు అది తొడ మీద నుంచి చుట్టుకుంటూ జారి, మోకాలి మడతలో తాడులా మూటకట్టుకుంది. సాయంత్రానికి పిక్క ఉబ్బి, అంచు దగ్గర ఎర్రటి గీత పడింది. తొడ పైన లావుగా, కింద సన్నగా ఉండే మాలాంటి ఆడవాళ్లకు నీ క్యాప్ జారడం మామూలేనని ఫిజియో చెప్పారు. నిలబెట్టి, చిప్ప మధ్య నుంచి పదిహేను సెంటీమీటర్లు పైన తొడ చుట్టు, చిప్ప మీద ఒక చుట్టు, పదిహేను సెంటీమీటర్ల కింద పిక్క చుట్టు టేపుతో కొలిచారు. ప్రతి కంపెనీకి దాని సైజు పట్టిక దానికి ఉంటుంది. ఒకరి 'ఎల్' ఇంకొకరి 'ఎక్సెల్' కావచ్చు. డబ్బా మీద ఉన్న పట్టికతో ఈ మూడు అంకెలు సరిచూసుకోకుండా కొనడమంటే చెప్పు కొలత చూడకుండా కొనడమే.

సరైన కొలత ఉన్న నీ క్యాప్ చెడ్డదేమీ కాదు. అది మోకాలిని వెచ్చగా ఉంచుతుంది, కొంచెం అదిమి పట్టి కీలు ఎటు వంగుతోందో ఒంటికి గుర్తుచేస్తుంది. సెలవు రోజు వంటింట్లో నిలబడి పని చేసుకుంటున్నప్పుడు నాకు అది చాలు. కానీ అది బరువును అటు నుంచి ఇటు మార్చలేదు. బస్సులో బ్రేకు పడితే అది ఉన్నా లేనట్టే.

పక్కల రెండు లోహపు పట్టీలు, మధ్యలో కీలు ఉండే హింజ్ బెల్టును ఫిజియో తన దగ్గరున్నది పెట్టించి, హాలులో అటూ ఇటూ నడిపించి చూశారు. దాని పని మోకాలు పక్కలకు ఊగిపోకుండా ఆపడం. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ దెబ్బతిన్నవారికి, మోకాలు జారిపోతున్నట్టు అనిపించేవారికి బాగుంటుంది. మెలి తిరిగినప్పుడు ధైర్యంగా అనిపించింది కానీ, లోపలి పక్క నొప్పి అక్కడే ఉంది.

అప్పుడు ఆవిడ నన్ను చెప్పులు లేకుండా నిలబెట్టి, మడమలు కలపమన్నారు. మోకాళ్ల మధ్య సందు మిగిలింది. కొంచెం దొడ్డికాళ్లన్నమాట. నడిచేటప్పుడు పాదం నేల మీద మోపగానే నేల నుంచి వచ్చే ఒత్తిడి అలాంటి కాలిలో మోకాలి లోపలి వైపు నుంచే పోతుంది. అందుకే అక్కడ ముందు అరుగుతుంది, అరిగినకొద్దీ కాలు ఇంకా వంగుతుంది, వంగినకొద్దీ ఇంకా అరుగుతుంది. మా డ్రైవర్ అన్నకు ఇది చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అలైన్‌మెంట్ పోతే టైరు ఒక పక్కే అరిగినట్టు." నాలాంటి మోకాలి కోసమే అన్‌లోడర్ అనే బెల్టు ఉంది. దానికి పక్కన కీలు ఉన్న చట్రం, ఏటవాలుగా చుట్టే పట్టీలు ఉంటాయి. తొడ మీద ఒక చోట, పిక్క మీద ఒక చోట, వాటికి ఎదురుగా మోకాలి పక్కన ఒక చోట, మూడు చోట్ల ఒత్తి, లోపలి వైపు పడే భారంలో కొంత బయటి వైపుకు మళ్లిస్తుంది. కొంతే, మొత్తం కాదు. రెండు వైపులా సమానంగా అరిగినవారికి దీనితో పెద్ద లాభం ఉండదు, మళ్లించడానికి మంచి పక్క ఉండాలి కదా. నొప్పి చిప్ప వెనకాల ఉన్నవారికీ ఇది కాదు. ఇది కుడి కాలికి, ఎడమ కాలికి వేరు వేరు. లోపలి అరుగుదలకు ఒకటి, బయటి అరుగుదలకు ఒకటి. నాలుగింటిలో ఏదో తెలియకుండా కొంటే నొప్పి ఉన్న వైపే ఇంకా నొక్కుతుంది.

మన దేశంలో తయారైన నా బెల్టుకు మూడున్నర వేల రూపాయలు అయ్యాయి. విదేశీ కంపెనీలవి దీనికి ఎన్నో రెట్లు ఉన్నాయి. అంత డబ్బు పెట్టే ముందు ఒకసారి వేసుకుని పది మెట్లు దిగి చూడనిచ్చే చోటే కొనాలని నేను పట్టుబట్టాను. దుకాణంలో కుర్చీలో కూర్చుని వేసుకుంటే అన్ని బెల్టులూ బాగానే ఉంటాయి.

పెట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కుర్చీ అంచున కూర్చుని మోకాలు కొంచెం ముడిచి, బెల్టు కీలు మధ్యభాగం చిప్ప మధ్యకు సమంగా వచ్చేలా చూసుకోవాలి. ముందు పిక్క పట్టీ బిగించాలి, అదే మొత్తం బెల్టు జారకుండా పట్టుకునేది. తరువాత తొడ పట్టీ. చివరగా ఏటవాలు పట్టీలు లాగి, నిలబడి రెండడుగులు వేసి మళ్లీ సరిచేసుకోవాలి. మొదటి రోజు గంటా రెండు గంటలకు మించి ఉంచవద్దన్నారు, తరువాత మెల్లగా పెంచమన్నారు. తీసేశాక చర్మం మీద పడిన ఎర్రటి గుర్తు అరగంటలో పోతే పరవాలేదు. పోకపోతే బిగువు ఎక్కువైనట్టు, లేదా బెల్టు పక్కకు జరిగినట్టు. కాలివేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే విప్పేయాలి. పిక్క వాచి నొప్పి పెడితే విప్పి ఊరుకోకూడదు, రక్తం గడ్డకట్టిందేమో చూడటానికి అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఏళ్ల తరబడి నిలబడి పని చేసే మాలాంటివాళ్లకు కాళ్లలో నరాలు ఉబ్బడం ఎక్కువ, కాబట్టి డాక్టర్ గారు అది చూశాకే బెల్టుకు సరేనన్నారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఒరుసుకుపోయినా వాళ్లకు తెలియదు.

ఇక ఫలితం. పెట్టుకోగానే నొప్పి మాయం కాలేదు. పదిలో ఏడున్న నొప్పి నాలుగుకు వచ్చింది. అయితే నాకు కావలసిన చోటే తగ్గింది: బస్సు చివరి మెట్టు దిగేటప్పుడు, బ్రేకు పడినప్పుడు. ములుగు దగ్గర గట్టమ్మ గుడి రాగానే బస్సులో అందరూ దండం పెట్టుకుంటారు. నేను ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఇంకో చేతిని గుండె మీద పెట్టుకుంటాను. బెల్టు వచ్చాక మొదటిసారి రాడ్డు వదిలి రెండు చేతులూ జోడించాను, బస్సు పరుగులో ఉండగానే. మా డ్రైవర్ అన్న అద్దంలో చూసి తిట్టాడు.

బెల్టుతో వచ్చే చికాకులు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. వెల్‌క్రోకు చీరంటే ప్రాణం, లంగా అంచుకో కుచ్చిళ్లకో పట్టుకుని దారాలు లాగేస్తుంది. రెండు మంచి చీరలు పాడయ్యాక డ్యూటీకి వదులు కాలున్న చుడీదార్‌కు మారాను. బెల్టుతో గొంతుక్కూర్చోవడం కుదరదు. ఇండియన్ టాయిలెట్ ఉన్న చోట విప్పాలి, మళ్లీ కట్టుకోవాలి. ఇంట్లో పాత టాయిలెట్ మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ కొన్నాం, ఆ ఖర్చును బెల్టు ఖర్చుకు కలిపి చూసుకోవాలి. మే నెలలో వరంగల్ ఎండ నలభై మూడు దాటుతుంది. బెల్టుకు వాడే నియోప్రీన్ అనే రబ్బరు గుడ్డ గాలి ఆడనివ్వదు, కింద చెమట కారి చెమటకాయలు లేస్తాయి. బెల్టు కింద పలుచని నూలు తొడుగు వేసుకుంటే కాస్త నయం, కాకపోతే కొంచెం ఎక్కువ జారుతుంది. ఆ రెండింటిలో ఏది భరించాలో రోజూ ఎండను చూసి నిర్ణయించుకుంటాను. ఏటూరునాగారంలో బస్సు ఆగినంతసేపూ విప్పి కాలికి గాలి తగలనిస్తాను. చట్రం తీసేసి, వెల్‌క్రో మూసి, సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే గుడ్డ గట్టిపడుతుంది. రాత్రి పూట పెట్టుకుని పడుకోవడం లేదు, ఆ అవసరమూ లేదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, ప్రతిదానికీ ఆధారం కావాలంటాడు. వాడు వెతికి చెప్పింది నాకు ఆసక్తిగా అనిపించింది. అమెరికాలోని కీళ్లవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడకకు, కీలు నిలకడకు ఇబ్బంది అయ్యేంత మోకాలి అరుగుదల ఉన్నవారికి బెల్టును గట్టిగా సిఫారసు చేశారు. ఏ వైద్యం ఇవ్వాలో సూచించే ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ 2022లో మాత్రం అందరికీ మామూలుగా ఇవ్వవద్దంది. కీలు నిలకడ తప్పడమో, భారం తేడాగా పడటమో ఉండి, బెల్టు లేకుండా వ్యాయామం పని చేయకపోయినా, కుదరకపోయినా, పైగా బెల్టువల్ల కదలిక బాగుపడేలా ఉంటేనే ఇవ్వవచ్చని చెప్పింది. మా అబ్బాయి "ఇద్దరూ రెండు మాటలు చెబుతున్నారమ్మా" అన్నాడు. నాకు మాత్రం అవి రెండు మాటలనిపించలేదు. నా మోకాలు ఆ మినహాయింపులోనే ఉంది. దుకాణాల్లో వేలాడే నీ క్యాప్‌లు కొనేవాళ్లలో ఎందరి మోకాళ్లు అందులో ఉంటాయన్నదే ప్రశ్న.

వ్యాయామం గురించి తక్కువ రాస్తే ఫిజియో కోప్పడతారు. బెల్టు ఎముకల మధ్య భారాన్ని కొంచెం సర్దుతుంది కానీ, మోకాలిని రోజంతా మోసేది తొడ ముందు కండరం. నొప్పికి భయపడి నేను దాన్ని వాడటం తగ్గించేసరికి అది సన్నబడింది. కుడి తొడ, ఎడమ తొడ కొలిచి చూపిస్తే నాకే ఆశ్చర్యమేసింది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని అదిమి అయిదు లెక్కపెట్టి వదలడం మొదటిది. పడుకుని కాలు చాపి నిటారుగా ఎత్తడం రెండోది. తరువాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఇదే నాకు అన్నిటికంటే కష్టం, బస్సు మెట్టుకు అన్నిటికంటే పనికొచ్చింది కూడా ఇదే. ఈ మూడోదాన్ని మొదట్లో బెల్టు పెట్టుకునే చేశాను, లేకపోతే రెండోసారికే నొప్పితో మానేసేదాన్ని. మూడున్నర వేలు పెట్టి నేను కొనుక్కున్నది ఆ వీలునే అనిపిస్తుంది. ఇప్పుడు బెల్టు లేకుండానే చేస్తున్నాను. డ్యూటీ లేని రోజు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేటప్పుడు బెల్టు బదులు ఎడమ చేతిలో కర్ర పట్టుకుంటాను. నొప్పి కుడి కాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

గత సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర బెల్టుతోనే ఆడాను. వంగి చప్పట్లు కొట్టేటప్పుడు అందరికంటే సగమే వంగాను, ఎవరూ పట్టించుకోలేదు. పూలు పేర్చేటప్పుడు మాత్రం కింద కూర్చోకుండా స్టూలు మీద కూర్చున్నందుకు మా వదిన ఆ రోజంతా ఆట పట్టించింది.

ఏడాది దాటేసరికి వెల్‌క్రో పట్టు తగ్గింది, పట్టీలు మాత్రం విడిగా దొరికితే మార్చాను. కొనేటప్పుడే ఈ సంగతి అడగడం మంచిది, కొన్ని బెల్టులకు పట్టీలు విడిగా దొరకవు. బరువు కొంత తగ్గాక తొడ చుట్టు మళ్లీ కొలిపించుకున్నాను. కాలి కొలత మారితే బెల్టు పట్టు కూడా మారుతుంది. రాత్రి నిద్రలో లేపేంత నొప్పి వచ్చినా, మోకాలు ఉన్నట్టుండి ఇరుక్కుపోయినా మళ్లీ రమ్మని డాక్టర్ గారు చెప్పారు. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

కాజీపేటలో ఉండే ఆ వదినకూ మోకాళ్ల నొప్పులు వచ్చాయి. మొదట కొన్న ఆ 'ఎల్' నీ క్యాప్ బీరువాలో ఉందని తెలిసి ఇమ్మంది. ఇవ్వకుండా ఫిజియో దగ్గరకు తీసుకెళ్లాను. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమని ఆవిడా అడిగితే వదిన వేలు నేరుగా చిప్ప మీద పెట్టింది. కాళ్లు వంకర లేవు, ఎక్స్‌రేలో పక్కల సందు బాగానే ఉంది. వదినకు అసలు బెల్టే రాయలేదు. తొడ కండరానికి, తుంటికి వ్యాయామాలు రాశారు, కొన్నాళ్లు మెట్లు ఎక్కడం, గొంతుక్కూర్చోవడం తగ్గించమన్నారు, ఆరు వారాల తరువాత రమ్మన్నారు. తిరుగు దారిలో వదిన ఆటోలో ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. కాజీపేట చౌరస్తా దాటాక అంది, "నీకైతే మూడు వేల బెల్టు, నాకైతే కసరత్తా?"